డిటెక్టివ్‌కే ఒక గుట్టు ఉంటే: లెస్బియన్, క్వీర్ డిటెక్టివ్ నవలల్లో ఏది ముందు పట్టుకోవాలి

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు (లెస్బియన్), మొత్తంగా మగ-ఆడ జంట అనే మూసలో ఇమడనివాళ్లు (క్వీర్) డిటెక్టివ్‌లుగా ఉండే పుస్తకం ఇప్పటిదాకా ఒక్కటీ ముట్టుకోకపోతే క్రిస్టెన్ లెపియోంకా రాసిన 'ది లాస్ట్ ప్లేస్ యూ లుక్' పట్టుకోండి. ఒకే మనిషి వెంట ఏళ్ల తరబడి నడవాలనుంటే జె.ఎం. రెడ్‌మన్ రాసిన మిక్కీ నైట్ సిరీస్. పోలీసు కథ కావాలంటే క్యాథరీన్ ఫారెస్ట్ రాసిన కేట్ డెలాఫీల్డ్, అదీ రెండో పుస్తకం నుంచి. చిన్న పుస్తకం, రెండు రాత్రుల్లో అయిపోవాలి, కానీ మనసులో ఉండిపోవాలి అంటే జోసెఫ్ హాన్సెన్ 'ఫేడవుట్'. ఇంతవరకే చాలు అనుకుంటే ఇక్కడే ఆపేయొచ్చు. ఎందుకలా అన్నానో తెలియాలంటే మాత్రం కిందికి రావాలి, కాస్త పొడుగే.

డిటెక్టివ్ అంటే మన నెల్లూరు వాళ్లకు ఇప్పుడు గుర్తొచ్చేది 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ', ఎందుకంటే అందులో హీరో బోర్డు పెట్టింది మన ఊళ్లోనే. మా ముందు తరానికైతే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు, అద్దె నవలల షాపులో అట్టలు చిరిగిపోయిన పాకెట్ పుస్తకాలు. కానీ కథలు పక్కన పెడితే మన జిల్లాల్లో ప్రైవేటు డిటెక్టివ్‌కి దొరికే పని ఏముంటుంది? పెళ్లి వాకబు. పైగా మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి లైసెన్సు ఇచ్చే ప్రత్యేక చట్టం కూడా లేదు. 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి ఎవరైనా కూపీ లాగొచ్చు.

ఒంగోలు భాగ్యనగర్‌లోనో మా మాగుంట లేఅవుట్‌లోనో ఒక అమ్మాయికి సంబంధం కుదరబోతోందంటే అవతలి వాళ్లు ముందు తెలిసినవాళ్లతో ఆరా తీయిస్తారు, డబ్బున్నవాళ్లైతే చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో ఏజెన్సీ మనిషిని దించుతారు. ఆయన వీధి చివర కిరాణా కొట్టు దగ్గర నిలబడి ఒక సోడా తాగి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేతిలో ఏదో కాస్త పెట్టి, అమ్మాయి ఆఫీసు నుంచి ఎన్నింటికొస్తుంది, బండి మీద దింపేదెవరు, మేడెక్కి ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడుతుంది అని అడుగుతాడు. అడిగేదంతా మగపిల్లల గురించే. ఇద్దరమ్మాయిలు ఒకే గది అద్దెకు తీసుకుని ఏళ్లుగా కలిసుంటున్నారంటే 'బుద్ధిమంతులు, ఒక్క మగపురుగు గడప తొక్కలేదు' అని మంచి సర్టిఫికెట్ రాసిచ్చి బస్సెక్కుతాడు. ఆ గదిలో ఉన్న అమ్మాయికి మాత్రం తెలుసు, మనుషులు ఎక్కడ చూస్తారో, ఎక్కడ అస్సలు చూడరో.

నేను చెప్పబోయే పుస్తకాల బలమంతా అదే. జనం కంట పడకుండా బతకడం చిన్నప్పటి నుంచీ అలవాటైన మనిషి డిటెక్టివ్ అయితే, ఇంకొకరు దాచింది ఎక్కడుందో ఆమెకి తొందరగా తెలుస్తుంది. అందుకే వీటిల్లో ఎంచుకునేటప్పుడు హంతకుడెవరు, ట్విస్ట్ ఎంత బాగుంది అనేవి నేను రెండో వరసలో పెడతాను. మొదట చూసేది ఒకటే: తన సంగతి బయటపడితే ఈ డిటెక్టివ్‌కి ఏం పోతుంది? ఉద్యోగమా, ఇల్లా, అమ్మానాన్నలా, అసలేమీ కాదా? దాన్ని బట్టి పుస్తకం రుచే మారిపోతుంది.

ఉద్యోగం పోతుందనే భయం కావాలంటే కేట్ డెలాఫీల్డ్. ప్రైవేటు డిటెక్టివ్ కాదు కదా, పోలీసే కదా అంటారేమో, నిజమే, కానీ ఆమెని చదవకుండా మిగతావాళ్ల స్వేచ్ఛ విలువ తెలియదు. 1984లో 'అమెచ్యూర్ సిటీ'తో మొదలైంది, లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో హత్య కేసులు చూసే డిటెక్టివ్, అంతకుముందు మెరైన్స్‌లో ఉండి వియత్నాం వెళ్లొచ్చింది. కలిసి బతికిన మనిషి ఆన్ కారు ప్రమాదంలో పోతే, పక్క సీట్లో కూర్చునే పార్ట్‌నర్‌కి కూడా తన దుఃఖం ఏమిటో చెప్పుకోలేని పరిస్థితి. మొదటి పుస్తకం ఫరవాలేదు అనిపిస్తుంది, ఒక ఆఫీసు బిల్డింగ్‌లో హత్య, మామూలుగా సాగుతుంది. 1987లో వచ్చిన 'మర్డర్ ఎట్ ది నైట్‌వుడ్ బార్' మాత్రం వేరే లెక్క.

అందులో ఒక ఆడవాళ్ల బార్ బయట పార్కింగ్ స్థలంలో డోరీ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి శవం దొరుకుతుంది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్ల. కేట్, ఆమె పార్ట్‌నర్ ఎడ్ టేలర్ బార్ లోపలికి వెళ్తే అక్కడున్న ఆడవాళ్లెవరూ నోరు విప్పరు, పోలీసులంటే వాళ్లకి ఒళ్లుమంట. కేట్ కూడా వాళ్లలో మనిషే, వాళ్లకి ఆ అనుమానం రాకుండా ఉండదు కూడా, కానీ బ్యాడ్జీ పెట్టుకుని ఎడ్ పక్కన నిలబడి ఉండగా ఆ మాట పైకి రాదు. సాక్షుల నమ్మకం సంపాదించాలంటే తన గుట్టు కొంత విప్పాలి, విప్పితే స్టేషన్‌లో బతుకు కష్టం. కేసు, గుట్టు రెండూ ఒకే ముడి అయిపోతాయి. ఈ ముడి ఇంత గట్టిగా పడిన పుస్తకం ఈ రకం సాహిత్యంలో చాలా అరుదు, అందుకే ఫారెస్ట్ దగ్గర రెండోదానితోనే మొదలుపెట్టమంటాను. ఆ తర్వాత నేరుగా 1991 నాటి 'మర్డర్ బై ట్రెడిషన్'కి వెళ్లిపోవచ్చు. ఒక గే కుర్రాడిని చంపినవాడు 'వాడు నా మీద చెయ్యేశాడు, భయంతో చంపాను' అని కోర్టులో చెప్పుకునే కేసు. కోర్టు డ్రామా ఇష్టమున్నవాళ్లకి అది పండగ, చదువుతుంటే కోపంతో పళ్లు కొరుక్కోవాల్సి వస్తుంది కూడా.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. కాలిఫోర్నియాలో స్వలింగ సంబంధం నేరం అనే చట్టం 1976 నుంచే లేదు. అంటే కేట్ చట్టం దృష్టిలో ఏ తప్పూ చేయడం లేదు, అయినా దాక్కుంటుంది. మిక్కీ నైట్ ఉండేది లూసియానాలో, అక్కడ ఆ పాత చట్టం 2003లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అమల్లో ఉంది, అయినా 1990లో మొదటి నవల నుంచే మిక్కీ ఎవరికీ దాచుకోదు. ఒకామెకి చట్టం అడ్డు లేదు, ఆఫీసు అడ్డు. ఇంకొకామెకి చట్టం అడ్డుంది, ఆఫీసు మాత్రం తనదే. మన దగ్గర స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో ఇవ్వలేదు. తీర్పు వచ్చిన మర్నాడు కావలిలోనో కందుకూరులోనో ఉద్యోగం చేసే ఒక అమ్మాయికి ఆఫీసులో ఏం మారింది అని ఆలోచిస్తే, మనకి దగ్గరి మనిషి మిక్కీ కాదు, కేట్. ఊరట కోసం చదువుతున్నారా, మీ బతుకులాంటిది ఇంకొకరి బతుకులో చూసుకోవాలని చదువుతున్నారా అనేది ఇక్కడ తేల్చుకోండి.

ఊరట అనుకుంటే మిక్కీ దగ్గరికే. న్యూ ఆర్లీన్స్‌లో ప్రైవేటు డిటెక్టివ్, పూర్తి పేరు మిషెల్ ఆంటిగొనీ నైట్, పుట్టి పెరిగింది ఊరి బయట బురద కాలవల మధ్య పేదింట్లో. నోటికి హద్దుండదు, తాగుడికీ ఉండదు, మొదటి పుస్తకాల్లో ప్రేమ వ్యవహారాలకి అసలే ఉండదు. తర్వాత డాక్టర్ కార్డీలియా జేమ్స్ జీవితంలోకి వచ్చాక కథ నెమ్మదిగా కుదురుకుంటుంది, కుదురుకున్నాక కూడా గొడవలు పడతారు, అలుగుతారు, నిజంగా కలిసి బతికేవాళ్లలాగే. ఒంగోలులో నా ఫ్రెండ్ ఒకామె ఉంది, నేను మొదటి పుస్తకం పంపిస్తే సగంలో ఫోన్ చేసి "ఏందే ఇది, ఇంత తాగితే కేసెట్టా తేలుస్తది?" అంది. సరైన ప్రశ్నే. 'డెత్ బై ది రివర్‌సైడ్'లో కేసు కన్నా మిక్కీ నోరే ఎక్కువ పరిగెడుతుంది, రచయిత్రి చేయి ఇంకా తిరగలేదు. మూడోది, 'ది ఇంటర్‌సెక్షన్ ఆఫ్ లా అండ్ డిజైర్' దగ్గరికి వచ్చేసరికి ఎవరికి చూపించినా తలెత్తుకునే నవల అవుతుంది, ఇలాంటి క్వీర్ పుస్తకాలకే ఇచ్చే లామ్డా అవార్డు కూడా దానికి వచ్చింది. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. అందులో చిన్నపిల్లల మీద జరిగే లైంగిక హింస కథకి మధ్యలో ఉంటుంది, మిక్కీ చిన్నతనంలోనూ అదే గాయం ఉంది. మనసు బాగోలేని రోజుల్లో ముట్టుకోవద్దు.

ఈ సిరీస్‌లో మన వైపు వాళ్లకి విడిగా చెప్పాల్సింది 'వాటర్ మార్క్'. 2005లో కత్రీనా తుపాను ఊరిని ముంచేశాక మిక్కీ తిరిగొస్తుంది, పాడుబడిన ఇంట్లో ఒక శవం కనిపిస్తుంది, ఆ చావు వరద వల్ల జరిగింది కాదు. ఇంతమంది చచ్చిపోయిన ఊళ్లో ఒక్క హత్య ఎవరికి పట్టింది అనేదే ప్రశ్న. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్లకి పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, నెల్లూరులో వీధులకి వీధులు మునిగినప్పుడు చూసినవాళ్లకి ఆ పుస్తకంలో గోడ మీద నీటి చార, తడిసిన పరుపుల వాసన, ఇల్లు ఉందా లేదా అని వెతుక్కుంటూ తిరిగే మనుషులు, ఏదీ వివరించి చెప్పక్కర్లేదు. సిరీస్ వరసలో చదవకపోయినా ఇది ఒక్కటీ విడిగా చదవొచ్చు అంటాను, కార్డీలియాతో ఉన్న పాత లెక్కలు కొన్ని అర్థం కావు, అంతే.

మా ఫ్రెండ్‌కి నచ్చింది లారెన్ లారానో. శాండ్రా స్కాపెటోన్ రాసింది, 1991లో 'ఎవ్రీథింగ్ యూ హ్యావ్ ఈజ్ మైన్'తో మొదలై 1998 దాకా మొత్తం ఐదు పుస్తకాలు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ప్రైవేటు డిటెక్టివ్, చాక్లెట్ పిచ్చి, ఏళ్లుగా కలిసుంటున్న కిప్ అనే ఆమె మానసిక వైద్యం చేస్తుంది. ఇద్దరూ వంటింట్లో మాట్లాడుకుంటుంటే మనం పక్క స్టూల్ మీద కూర్చున్నట్టే ఉంటుంది. మిక్కీ ఇంట్లో ఎప్పుడు ఏం పగులుతుందో తెలియదు, లారెన్ ఇల్లు సర్దుకుని ఉంటుంది. అందుకని కథలు మెత్తగా ఉంటాయనుకోవద్దు, మొదటి కేసే అత్యాచారం. కానీ డిటెక్టివ్ ఇంటికి చేరాక ఆమెకి ఏమవుతుందో అనే టెన్షన్ మనకుండదు. అప్పటిదాకా ఇలాంటి నవలలు ఎక్కువగా చిన్న ఫెమినిస్టు ప్రచురణ సంస్థలే వేసేవి, ఫ్లోరిడాలోని నయాడ్ ప్రెస్ లాంటివి. లారెన్‌ని వేసింది మాత్రం లిటిల్ బ్రౌన్ అనే పెద్ద సంస్థ. ఆ తేడా చదువుతుంటే తెలుస్తుంది, అందరికీ అర్థమయ్యేలా కాస్త నునుపు చేసిన రాత. మిక్కీ, లారెన్‌లలో ఒకరినే ఎంచుకోమంటే నేను మిక్కీ అంటాను, మా ఫ్రెండ్ లారెన్ అంటుంది, ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరదు.

చరిత్ర కోసం చదివేవాళ్లకి ఒక్క ముక్క. లెస్బియన్ డిటెక్టివ్ ఉన్న తొలి నవలగా ఎక్కువమంది చెప్పేది 1977లో ఎం.ఎఫ్. బీల్ రాసిన 'ఏంజెల్ డాన్స్'. మర్నాటి ఏడాది కెనడాలో ఈవ్ జరెంబా 'ఎ రీజన్ టు కిల్' రాసింది, వాంకూవర్‌లో హెలెన్ కెరెమోస్ అనే ప్రైవేటు డిటెక్టివ్. హెలెన్ తన గురించి ప్రత్యేకంగా చెప్పుకోదు, దాచుకోదు కూడా, పని చేసుకుపోతుంది. ఇవాళ చదివితే కొంచెం పొడిపొడిగా ఉంటాయి, వెతికి సంపాదించే ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

హత్యలున్నా చదివాక నిద్ర పట్టాలి అనేవాళ్లకి రెండు. వాల్ మెక్‌డర్మిడ్ ఇప్పుడు క్రైమ్ నవలల్లో చాలా పెద్ద పేరు, ఆవిడ మొదటి పుస్తకం 1987 నాటి 'రిపోర్ట్ ఫర్ మర్డర్'. లిండ్సే గోర్డన్ అనే స్కాటిష్ జర్నలిస్టు, ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో కచేరీ రోజు చెల్లో వాయించే ఆమెని ఆ వాద్యం తీగతోనే చంపేస్తారు. లిండ్సే వామపక్షం మనిషి, ఆ స్కూలు చూస్తేనే మండుతుంది, డబ్బు అవసరమై వార్త రాయడానికి వెళ్తుంది. పెద్ద లోతు లేదు గానీ హాయిగా సాగుతుంది. రెండోది బార్బరా విల్సన్ 'గౌడీ ఆఫ్టర్‌నూన్', 1990. కసాండ్రా రైలీ స్పానిష్ అనువాదకురాలు, బార్సిలోనాలో ఒకరి భర్తని వెతికి పెట్టమంటే వెళ్తుంది, తీరా వెతకడం మొదలయ్యాక భర్త ఎవరు, భార్య ఎవరు, ఆడెవరు, మగెవరు అనేదే తారుమారైపోతుంది. చాలా నవ్వొస్తుంది. ఇందులో హత్య కోసం చూడొద్దు, ఎవరు ఎవరనేది తేలడమే కథ. రచయిత్రి తర్వాత బార్బరా షోహోమ్ అనే పేరుతో స్వయంగా అనువాదాలు చేసింది కాబట్టి కసాండ్రా డిక్షనరీ ముందు పడే అవస్థ కూడా నిజంగా ఉంటుంది.

కొత్త పుస్తకాల్లోకి వస్తే, నేను మొదట చెప్పిన లెపియోంకా. 2017లో వచ్చింది, ప్రైవేటు డిటెక్టివ్ నవలలకిచ్చే షేమస్ అవార్డు తొలి నవల విభాగంలో దీనికే వచ్చింది. ఒహాయోలో కొలంబస్ అనే ఊరు, రాక్సేన్ వియరీ, తండ్రి పోలీసు, డ్యూటీలో చచ్చిపోయాడు, ఆ దిగులుతో ఈమె తాగుతోంది. ఉరిశిక్ష పడిన అన్న నిర్దోషి, ఎప్పుడో మాయమైన అమ్మాయి మొన్న కనిపించింది అంటూ ఒకామె వస్తుంది. రాక్సేన్ బైసెక్సువల్, ఒక ఆడమనిషితో తెగని బంధం, తండ్రి పాత పార్ట్‌నర్‌తో ఇంకో రకం బంధం, రెండూ చెప్పుకోవడానికి బాగుండవు, రచయిత్రి రెంటికీ సంజాయిషీ ఇవ్వదు. ఈమె సంగతి బయటపడితే ఏం పోతుంది అంటే, ఏమీ పోదు. అందుకే మొదటిసారి చదివేవాళ్లకి ఇది చెప్తాను: కేసు గట్టిగా ఉంది, ఇంగ్లీషు తేలిక, మనిషిని వివరించడానికి పేజీలు ఖర్చు పెట్టదు. క్వీర్ అనే మాట వినగానే 'ఇది నాకు కాదు' అనుకునే క్రైమ్ అభిమానికి కూడా ధైర్యంగా చేతిలో పెట్టొచ్చు.

దీనితో పోల్చాల్సింది షెరిల్ హెడ్ రాసిన చార్లీ మ్యాక్ సిరీస్, 2016లో 'బరీ మీ వెన్ ఐయామ్ డెడ్'తో మొదలు. డెట్రాయిట్, నల్లజాతి ఆడమనిషి, సొంత ఏజెన్సీ, తోడుగా పని చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఇంట్లో ఆల్జీమర్స్ మొదలైన అమ్మ. చార్లీ మధ్యాహ్నం నిందితుడి వెంట ఉంటుంది, సాయంత్రం అమ్మ మందులేసుకుందా లేదా అని ఫోన్ చేస్తుంది. పెళ్లి కాకుండా అమ్మతో ఉండిపోయిన కూతుళ్లు మన వీధుల్లో ఎంతమంది లేరు? కేసు నడక లెపియోంకా అంత బిగువుగా ఉండదు, మధ్యలో వదులవుతుంది, కానీ అమ్మ ఎర్నెస్టీన్ ఉన్న పేజీలు నేను మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. కేసు ముఖ్యమైతే రాక్సేన్, ఇల్లు ముఖ్యమైతే చార్లీ.

యుగంధర్, రాజు జంట మీద మోజున్నవాళ్లకి స్టీఫెన్ స్పాట్స్‌వుడ్ 'ఫార్చ్యూన్ ఫేవర్స్ ది డెడ్', 2020. రెండో ప్రపంచ యుద్ధం నాటి న్యూయార్క్, పెద్ద డిటెక్టివ్ లిలియన్ పెంటికాస్ట్, ఆమెకి మల్టిపుల్ స్క్లెరోసిస్, చేతికర్ర లేనిదే నడవలేదు. అసిస్టెంట్ విల్ పార్కర్ సర్కస్ నుంచి వచ్చిన పిల్ల, కత్తులు విసరడం వచ్చు, ఆ కత్తితోనే మొదటి పేజీల్లో పెంటికాస్ట్ ప్రాణం కాపాడుతుంది. ఇద్దరూ ఆడవాళ్లే, విల్‌కి మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ ఇష్టమే. సరదాగా చదువుకోవడానికి ఇంతకన్నా మంచిది ఈ వరసలో లేదు. కాన్వెంట్‌లో చదువుకున్నవాళ్లకి మార్గో డువాయిహీ 'స్కార్చ్‌డ్ గ్రేస్', 2023: న్యూ ఆర్లీన్స్ కేథలిక్ స్కూల్లో వరసగా నిప్పంటుకుంటుంటే కూపీ లాగేది ఒళ్లంతా టాటూలున్న, సిగరెట్ మానలేని, క్వీర్ సిస్టర్. భాష కవిత్వంలా ఉంటుంది, కొందరికి అదే అడ్డం. నాకు సగం పుస్తకం బాగా నచ్చింది.

మన దేశంలో జరిగే కథే కావాలంటే జెర్రీ పింటో 'మర్డర్ ఇన్ మాహిమ్' ఉంది, 2017. లెస్బియన్ డిటెక్టివ్ కాదు, రిటైరైన జర్నలిస్టు పీటర్, అతని స్నేహితుడు ఇన్‌స్పెక్టర్ జెండే, ముంబైలో గే మనుషులని బెదిరించి డబ్బు గుంజే లోకం. 377 తీర్పుకి ముందు ఏడాది వచ్చింది కాబట్టి ఆ భయం పచ్చిగా ఉంటుంది. పీటర్‌కి అసలు టెన్షన్ కేసు కాదు, తన కొడుకు కూడా గేనేమో అని. అమ్మానాన్నల చేతికి ఒక పుస్తకం ఇవ్వాలనుకుంటే పైవన్నీ పక్కన పెట్టి ఇదే ఇవ్వండి, ఎందుకంటే ఇందులో కూపీ లాగేది తండ్రి.

ఇక 'ఫేడవుట్'. 1970. పుస్తకాల్లో చాలాకాలం గే మనిషి అంటే శవమో, హంతకుడో, నవ్వులాటో. హాన్సెన్ డేవ్ బ్రాండ్‌స్టెటర్ అనే మనిషిని తెచ్చి మధ్యలో నిలబెట్టాడు, అదీ పెద్ద ప్రకటన ఏమీ లేకుండా. డేవ్ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున చావు క్లెయిములు విచారించే ఉద్యోగి. ఎల్ఐసీ క్లెయిము కోసం డెత్ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగినవాళ్లకి ఈ ఉద్యోగం గురించి చెప్పక్కర్లేదు. వానలో కారు వంతెన మీద నుంచి పడిపోయింది, పాలసీ పెద్దది, శవం మాత్రం లేదు. డేవ్ ఆ ఇంటికెళ్లి చనిపోయాడంటున్న వాడి భార్యని ప్రశ్నలడగాలి, అదే సమయంలో ఇరవై ఏళ్లు కలిసున్న తన మనిషి రాడ్ క్యాన్సర్‌తో పోయి ఎక్కువ రోజులు కాలేదు. ఆ దుఃఖానికి క్లెయిము ఫారం లేదు, విధవ అనే పేరు కూడా రాదు. హాన్సెన్ దీని మీద ఒక్క ఉపన్యాసం ఇవ్వడు, డేవ్ ఖాళీ ఇంట్లో మంచం ఒక వైపే పడుకుంటాడన్నట్టుగా రాస్తాడు, అంతే. ఆడ డిటెక్టివ్ కాదు కదా అని కొందరు దీన్ని జాబితాలో ఒప్పుకోరు, కానీ కేట్ ఆన్ కోసం ఏడ్చే పేజీలు చదివాక ఇది చదివితే రెండూ ఒకే ఇంటి పుస్తకాలని తెలుస్తుంది. మొత్తం పన్నెండు నవలలు, చివరిది 1991లో, డేవ్ ముసలివాడయ్యేదాకా.

కొనే విషయానికి వస్తే, మన దగ్గర షాపుల్లో వీటిని వెతుక్కుంటూ తిరగకండి. కొత్తవి కిండిల్‌లో ఉంటాయి, ముందు శాంపిల్ ఉచితంగా దించుకుని మొదటి చాప్టర్ చూడండి, భాష పడకపోతే డబ్బు దండగ కాదు. ఇంట్లో అందరిదీ ఒకే అమెజాన్ అకౌంట్ అయితే మాత్రం జాగ్రత్త, కొన్నవీ చూసినవీ అందులో కనిపిస్తాయి, నాలుగు రోజులు అలాంటివే 'మీకు నచ్చవచ్చు' అంటూ అమ్మ ఫోన్‌లో కూడా వస్తాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు గానీ ఇక్కడ చేటు ఆ హోం పేజీతో. వేరే మెయిల్‌తో వేరే అకౌంట్ పెట్టుకుంటే గొడవ ఉండదు. కాగితం పుస్తకమే కావాలి, చేతిలో పట్టుకుని చదివితే గానీ తృప్తి ఉండదు అంటే 'ఫేడవుట్' 2022లో మళ్లీ అచ్చయింది. పినాకినిలో ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తెరిచి పెట్టుకుని కూర్చోవచ్చు, పక్క సీటాయన తొంగి చూసి "ఏం పుస్తకమమ్మా" అంటే "ఇన్సూరెన్స్ గురించి సార్" అంటే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు.